తలుపు మీది తువ్వాల

పోలీసు జీపు క్వార్టర్ల లైను మొదట్లో ఆగేసరికి సుసన్నా గడప ముందు కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. ఇంటి లోపల ఆమె భర్త తీతు నిద్రపోతున్నాడు. ఈ వారం అతనికి నైట్ షిఫ్టు. పొద్దున బొగ్గుబాయి నుంచి వచ్చి, ఒంటి మీది మసి పోయేలా స్నానం చేసి, రెండు ముద్దలు తిని పడుకున్నాడు. అతని తువ్వాల తలుపు కొక్కేనికి వేలాడుతోంది. దాని అంచు నుంచి ఇంకా ఒక్కో చుక్క నల్లగా గడప మీద పడుతోంది.

ఆ లైనులో తలుపు మీద తువ్వాల ఉంటే ఆ తలుపు ఎవరూ కొట్టరు. పాలవాడు గిన్నె కింద పెట్టి పోతాడు. పిల్లలు బంతి పట్టుకుని అవతలి లైనుకు పోతారు. పోకపోతే సుసన్నా ఊరుకోదు. "చప్పుడు చెయ్యకుండ్రి! పండుకున్న మనిషి ఉన్నడు" అని గొంతు తగ్గించే కసురుతుంది. ఆ తగ్గించిన గొంతు లైను ఈ కొస నుంచి ఆ కొసకు వినిపిస్తుంది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బాంబులు పేలి కిటికీ రెక్కలు దడదడలాడినా తీతు కదలడు. కానీ గిన్నె జారితే ఉలిక్కిపడి లేస్తాడు. పెళ్లయిన కొత్తలోనే సుసన్నా గిన్నెల కింద బట్ట పరచడం నేర్చుకుంది.

జీపు దిగిన ఎస్సై ఆడమనిషి. ముప్పై దాటి ఉంటాయి. పేరు రాజకుమారి అని చొక్కా మీద ఉంది. వెంట ఇద్దరు కానిస్టేబుళ్లు, పిల్లల సంక్షేమ శాఖ నుంచి వచ్చిన, చీర కట్టుకున్న మరో ఆమె. ఆమె ఫోనులో ఒక ఫోటో అందరికీ చూపిస్తోంది. స్కూలు బట్టల్లో ఒక పిల్ల. రెండు జడల్లో ఒకటి ముందుకు వేసుకుంది.

"పదమూడేండ్ల పిల్ల. పేరు సంతోషి. ఈ లైనులనే ఎక్కడో పెట్టిండ్రని మాకు సమాచారమొచ్చింది" అంది ఎస్సై. "అమ్మడానికి తెచ్చిండ్రు."

పక్కింటి పోశవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుని ముందుకొచ్చింది.

"పోయిన నెల బస్టాండుల ఓ తల్లి సంకల నుంచి ఆమె కన్న పోరన్నే గుంజుకున్నరట గద మేడం? పేపర్ల ఫోటో గూడ ఏసుకున్నరు. మల్ల రెండు దినాలకు తల్లికే అప్పజెప్పిండ్రట."

నవ్వులు లేచాయి. "నెలకు గిన్ని కేసులని ఉంటదక్కా వాళ్లకు" అన్నాడు ఆటో తుడుచుకుంటున్న భూపాల్. "దొరకకపోతే మనింట్ల పిల్లల్నే లెక్క రాసుకుంటరు."

ఎస్సై ముఖం ఎర్రబడింది. "అది తప్పే అయింది. కాదంటలేను. అయితే ఈ పిల్ల తప్పిపోయింది నిజం" అంది. ఆ మాట చెవినేసుకున్నవారు తక్కువ.

ఆమె ఒక్కో ఇంటి ముందూ ఆగి, పేర్లు అడిగి, సుసన్నా ఎదురు క్వార్టరు దగ్గరికి వచ్చింది. అది జైపాల్ పేరు మీద ఉన్న క్వార్టరు. అతను బదిలీ మీద రామకృష్ణాపూర్ పోయి, దీన్ని కంపెనీకి అప్పజెప్పకుండా ఒక మొగుడూపెళ్లాలను ఉంచాడు. కిటికీలు మూసి ఉన్నాయి. తలుపు మీద తువ్వాల ఉంది. ఎస్సై తలుపు కొట్టడానికి చెయ్యెత్తింది.

"కొట్టకు బిడ్డా!"

సుసన్నా తనకు తెలియకుండానే లేచి నిలబడింది. ఒళ్లోని గింజలు గడప మీద చెల్లాచెదరయ్యాయి.

"నైట్ షిఫ్టు మనిషి. పొద్దుగాలనే పండుకున్నడు. ఓపెన్‌కాస్టు కాంట్రాక్టుల మట్టి లారీ నడుపుతడు. ఆలుమగలే ఉంటరు, మంచోళ్లు."

"నువ్వు చూసినవా అమ్మా, పండుకున్నది?"

"రోజు చూస్త. కండ్ల ముందట తువ్వాల కనవడ్తలేదా?"

ఎస్సై చెయ్యి ఆ తువ్వాలకు జానెడు దూరంలో ఆగింది. ఆమె ముఖంలో ఏదో మారడం సుసన్నా చూసింది. ఆ క్షణాన ఆమె ఎస్సైలా లేదు. పెద్దవాళ్లు కసిరితే ఆగిపోయిన ఆడపిల్లలా ఉంది. చెయ్యి మెల్లగా దిగింది. "సాయంత్రం వస్తం" అని తిరిగింది.

జీపు వెళ్లాక పోశవ్వ పకపకా నవ్వింది. "ఎస్సైనే ఎల్లగొట్టినవ్ గదనే సుసన్నక్క! నీకు స్టారు పెట్టాలె." సుసన్నా కూడా నవ్వి, గింజలు ఏరుకోవడానికి వంగింది. ఛాతీలో చిన్న వెచ్చదనం. ఒక మనిషి నిద్ర కాపాడానన్న గర్వం అది. తర్వాతి రోజుల్లో ఆమె అన్నింటికన్నా ఎక్కువగా తలచుకుని ముడుచుకుపోయింది ఆ వెచ్చదనాన్నే.

*

పొద్దు వాలుతుండగా భూపాల్ ఆటో ఎదురింటి ముందు ఆగింది. మొగుడు ముందుగా ఒక సంచి తెచ్చి వేశాడు. వెనక పెళ్లాం, ఆమె చేతి పట్టులో ఒక పిల్ల. కళ్లు తప్ప ముఖమంతా స్కార్ఫు చుట్టి ఉంది.

"ఏందమ్మా, చెప్పకుంట చెయ్యకుంట పోతున్నరు?" అంది సుసన్నా.

ఆ గొంతు వినగానే పిల్ల తల గిరుక్కున తిరిగింది. సుసన్నా కళ్లలోకి చూడలేదు. నోటివైపు చూసింది. మాట ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోవాలన్నట్టు రెప్ప వేయకుండా చూసింది.

"ఊర్ల మా అత్తకు బాగలేదక్కా. దవాఖానల ఏసిండ్రు" అంది పెళ్లాం.

"ఈ పిల్లెవలు?"

"మా చెల్లె. నిన్న వచ్చింది."

ఆటో కదిలింది. మలుపు దగ్గర వెనక గుడ్డ పక్కకు జరిగి మళ్లీ మూసుకుంది. ఎదురింటికి తాళం వేసి ఉంది. తువ్వాల మాత్రం అలాగే తలుపు మీద ఉంది. తాళం వేసిన ఇంట్లో ఎవరు పడుకుంటారని సుసన్నా అనుకుంది. అనుకుని, బియ్యం కడగడానికి లోపలికి పోయింది.

అన్నం పొంగు వచ్చేలోపే జీపు మళ్లీ వచ్చింది. లైనంతా చూస్తుండగా తాళం పగలగొట్టారు. సుసన్నా గుంపు వెనక నిలబడి చూసింది. రెండో గదికి బయటివైపు కొత్త గడియ బిగించి ఉంది. ఆ గదిలో ఒక చాప, నీళ్ల సీసా, నేల మీద ఒక రిబ్బను. ఆ రిబ్బనును చీర కట్టుకున్న ఆమె చేతిగుడ్డతో తీసి కవర్లో వేసింది.

"బియ్యం బస్తాలకు ఎలుకలు రాకుండ గడియ పెట్టుకున్నరేమో" అంది పోశవ్వ. ఈసారి ఎవరూ నవ్వలేదు. అయినా వెనక నుంచి ఇంకో గొంతు లేచింది. "పాపం, పొద్దున వీళ్లు జీపేసుకొని వస్తే బెదిరి పోయిండ్రు. బతకవచ్చినోళ్లు."

"ఎటు పోయిండ్రో ఎవరన్నా చూసిండ్రా?" అంది ఎస్సై.

భూపాల్ నేల చూస్తూ చెప్పు కాలితో రాయిని తిప్పుతున్నాడు. ఎస్సై చూపు ఒక్కొక్కరి మీదా ఆగి, సుసన్నా దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగింది. సుసన్నా నోరు తెరిచింది. లోపల అన్నం మాడుతున్న వాసన వచ్చింది. ఆమె లోపలికి పోయింది.

పొయ్యి ఆర్పాక కూడా బయటికి రాలేదు. జీపు వెళ్లిపోయిన చప్పుడు వినేవరకు గంటె పట్టుకుని నిలబడింది.

*

మర్నాడు పొద్దున తీతు తువ్వాల బకెట్లో నానబెట్టగానే నీళ్లు నల్లబడ్డాయి. రోజూ నల్లబడేవే. ఆ రోజు ఆమె ఆ నీళ్లను పారబోయకుండా చూస్తూ కూర్చుంది. తర్వాత చేతులు తుడుచుకుని ఎదురింటికి పోయింది. తలుపుకు పోలీసులు తాడు కట్టారు. తువ్వాలను ఎవరూ ముట్టలేదు.

ఆమె ముట్టింది. ఎండి బిరుసుగా ఉంది. మీద దుమ్ము తప్ప ఏమీ లేదు. మడిస్తే లోపలి మడతలు కొన్ననాటిలా తెల్లగా ఉన్నాయి. కొక్కెం కింద గడప మీద ఒక్క నల్ల మచ్చ లేదు.

వాళ్లు దిగిన నెల రోజులుగా ఆ గడప తన కళ్ల ముందే ఉంది. తీతుకు వారం వారం షిఫ్టు మారుతుంది. ఎదురింటి తువ్వాల ఏ వారమూ దిగలేదు. 'కాంట్రాక్టోళ్లకు షిఫ్టు మారదేమో' అని ఒకసారి అనుకుంది. 'లారీ డ్రైవరుకు అంత మసి ఉండదేమో' అని ఇంకోసారి అనుకుంది. ఇప్పుడు ఆ రెండు మాటలూ గుర్తొచ్చాయి. చూడనిదానికి జవాబు చెప్పుకోరు. జవాబు చెప్పుకుందంటే ప్రశ్న వచ్చినట్టే. ప్రశ్న వచ్చిందంటే చూసినట్టే.

కొక్కెం కూడా తన ఇంటిదే. వాళ్లు దిగిన రోజు ఆ పెళ్లాం వచ్చి, మా ఆయనకు రాత్రి డ్యూటీ అక్కా, పగలు ఎవరన్నా తలుపు కొడితే నిద్ర చెడుతది అంది. "తువ్వాల ఏలాడదియ్యమ్మా. గీ లైనుల ఎవ్వలు నీ తలుపు ముట్టరు" అని తనే డబ్బాలోంచి కొక్కెం తీసి ఇచ్చింది. బిగించడానికి సుత్తి కూడా ఇచ్చింది.

ఫోను మోగింది. రామకృష్ణాపూర్ నుంచి జైపాల్.

"అక్కా, పోలీసోళ్లు నాకు ఫోన్ చేసిండ్రు. క్వార్టరు కిరాయికిచ్చినట్టు తెలిస్తే కంపెనీ నన్ను ఉంచదు. ఆ ఇంట్ల ఎవలుండిరో నాకు తెల్వదు, ఖాళీగనే ఉండె అను. అంతే."

"ఎవలుండిరో నీకు తెల్సు గద."

"నాకేం తెల్సక్కా? మొగడు పెండ్లాం అన్నరు, ఇచ్చిన. నువ్వు ముప్పై అడుగుల దూరంల ఉన్నవ్. నీకే తెల్వలే. నాకేం తెలుస్తది?"

అతను ఏడిపించడానికి అనలేదు. బతిమాలుతూనే అన్నాడు. ఫోను పెట్టేసినా ఆ మాట చెవిలోనే ఉంది.

తీతు లేచి అన్నం ముందు కూర్చున్నప్పుడు ఆమె అంతా చెప్పింది. అతను చారు కలుపుకుంటూ విన్నాడు.

"నువ్వు నా నిద్ర కోసం నేర్చుకున్న అలవాటది. పాపమెట్ల అయితది?"

"నీ నిద్ర కోసం నేర్చుకున్న. వాళ్ల కోసం వాడిన."

"స్టేషనుకు పోయి చెప్తే ఏమొస్తది? లైనంత మన మీద పడ్తది. జైపాల్ నౌకరి పోతది. ఆ పోలీసోళ్లు రేపు నిన్నే లోపలేస్తరు, కొక్కెం నువ్వే ఇచ్చినవని."

"ఏస్తే ఏస్తరు."

తీతు ముద్ద నోటి దాకా తెచ్చి ఆపాడు. ఇన్నేళ్లలో ఆమె అతనికి ఎదురు చెప్పింది తక్కువే. మాట్లాడాల్సిన వేళల్లో అతను నిద్రలో ఉండేవాడు.

*

భూపాల్ ఆటో స్టాండులో ఒంటరిగా దొరికాడు.

"యాడ దింపినవ్ తమ్మీ?"

"ఎవలను?"

"భూపాల్."

అతను సీటు మీది దుమ్ము దులిపాడు. దుమ్ము లేదు. "నాకెందుకక్కా కోర్టులు, పేషీలు? ఆటో పట్టుకపోతే నేనేం తినాలె? అసలు గా ఎస్సై మాట నమ్ముతున్నవా నువ్వు? బస్టాండు ముచ్చట మర్చినవా?"

"అది అబద్ధమయ్యింది. గదే కారణం పెట్టుకుని ఇదీ అబద్ధమనుకున్నం మనం. అనుకుంటే సుకంగ ఉండె." ఆమె ఆటో కడ్డీ పట్టుకుంది. "ఆ పిల్ల నా నోరు దిక్కు చూసిందిరా. నాకు సమజ్ కాలే."

భూపాల్ దులపడం ఆపాడు. "మా పెద్దది గూడ గంతే ఉంటదక్కా" అన్నాడు చివరికి. "అద్దంల చూసిన. దారంత ఏడ్వలే, మాట్లాడలే. ఆ ఈడు పిల్లలు ఆటోల గంత సేపు గమ్మునుండరు. బసంత్‌నగర్ల దింపిన. లారీలు ఆగే కాడ, దాబా ఎనుక రేకుల ఇల్లు."

స్టేషనుకు ఇద్దరూ కలిసే పోయారు. భూపాల్ చెప్పిన చోటు వినగానే ఎస్సై ఇద్దరిని పంపి, తనూ లేచింది. సుసన్నా కదలలేదు.

"ఇంకోటి ఉన్నది మేడం. తువ్వాల ఆమెకు నేర్పింది నేనే. కొక్కెమిచ్చింది నేనే. అది ఎన్నడు తడవలే. నాకు కనవడ్డది. కనవడ్డట్టు నేను ఒప్పుకోలే."

ఎస్సై టోపీ చేతిలో పట్టుకుని ఆగింది.

"మా నాయిన గూడ బాయిలనే చేసిండమ్మా. మా తలుపు మీద గూడ తువ్వాలుండేది. నేను కొట్టలేకపోయిన. నువ్వన్నవని కాదు. చెయ్యి లేవలే." టోపీ పెట్టుకుంది. "అప్పుడు ఆ పిల్ల ఆ ఇంట్లనే ఉన్నది."

ఆ మాట వింటే ఊరటగా ఉంటుందేమోనని సుసన్నా ఎదురుచూసింది. ఏమీ జరగలేదు. ఒకరి తప్పు పక్కన ఇంకొకరి తప్పు నిలబడింది, అంతే.

*

పిల్ల ఆ రాత్రే దొరికింది. మొగుడూపెళ్లాలు కూడా దొరికారు. లైనులో ఆ వార్తను కూడా సగమే నమ్మారు. "పెద్దోళ్లను ఇడిసిపెట్టి చిన్నోళ్లను పట్టిండ్రు" అన్నారొకరు. "రేపు బెయిలిస్తరు, గప్పుడు చూడు" అన్నారింకొకరు. నల్లా దగ్గర పోశవ్వ తన బిందెను సుసన్నా బిందెకు దూరంగా జరిపింది. "క్వార్టరు ముచ్చట బయటపెట్టి జైపాల్ పొట్ట కొట్టినవ్ గదనే" అంది, ముఖం చూడకుండా. సుసన్నా బిందె నిండేదాకా నిలబడి, ఎత్తుకుని వచ్చేసింది. పోశవ్వ అన్నది అబద్ధం కాదు. ఆ పాపం కూడా తన వాటాలోదే.

ఆదివారం ఎస్సై స్వయంగా వచ్చింది. సుసన్నా చర్చికి పోలేదు. చీర కట్టుకుని కూడా గడప దగ్గరే ఆగిపోయి ఉంది.

"ఆ పిల్లను మీ లైనుల పెట్టనేలేదంటున్నరు వాళ్లు. ఆ రోజే బస్టాండుల కలిసిందట. పిల్లకేమో ఇల్లు ఎట్లుంటదో బయట నుంచి తెల్వదు. రాత్రి తెచ్చిండ్రు, ముఖం కప్పి తీస్కపోయిండ్రు. ఒక్కటే చెప్తున్నది." ఎస్సై ఆగింది. "రోజూ బయట నుంచి ఒక గొంతు వినవడేదట."

సుసన్నాకు మిగతాది చెప్పనక్కరలేకపోయింది.

పెద్దపల్లిలో పిల్లల హోం. గది మధ్యలో పచ్చని తెర కట్టారు. తెర అవతల పిల్ల, చీర కట్టుకున్న ఆమె ఉన్నారు. ఇవతల సుసన్నాతో పాటు హోంలో వంట చేసే ఐలవ్వ, ఊడ్చే లింగవ్వ. ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు సుసన్నా లైనులో కసిరే మాటే అనాలి. రోజూ పిల్లలను కసిరినట్టే అనాలి; తను విన్న గొంతేదో పిల్ల గుర్తుపట్టాలి.

ఐలవ్వ అంది. తెర అవతల నిశ్శబ్దం. లింగవ్వ సిగ్గుపడుతూ అంది. మళ్లీ నిశ్శబ్దం.

సుసన్నా వంతు వచ్చింది. ఏళ్ల తరబడి ఆలోచించకుండా అన్న మాటను ఇప్పుడు ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఎస్సై ఆమె మోచేతిని తాకింది. సుసన్నా కళ్లు మూసుకుని తన లైనును తలచుకుంది. మధ్యాహ్నపు ఎండ, బంతి, పరుగెత్తే పిల్లలు, ఎదుట మూసిన తలుపు. గొంతు తగ్గించి అంది.

"చప్పుడు చెయ్యకుండ్రి. పండుకున్న మనిషి ఉన్నడు."

తెర అవతల కుర్చీ జరిగిన చప్పుడు.

"గీ అవ్వనే."

తెర కొంచెం తొలగింది. పిల్ల తొంగి చూసింది. స్కార్ఫు లేని ముఖం ఫోటోలో కన్నా చిన్నగా ఉంది. ఈసారి కూడా ముందు నోటివైపే చూసింది, తర్వాత కళ్లలోకి. ఆ చూపులో కోపం ఉంటే బాగుండునని సుసన్నా అనుకుంది.

"బిడ్డా, నేను..." అంది.

"నువ్వు నాకు గూడ చెప్తున్నవనుకున్న అవ్వా" అంది సంతోషి. "గందుకే నేను తలుపు కొట్టలే."

బడిలో జవాబు చెప్పినట్టు చెప్పి, సరిగ్గా చెప్పానా అన్నట్టు చీర కట్టుకున్న ఆమె వైపు చూసింది.

*

సోమవారం. తీతు షిఫ్టు మారింది కానీ ఎవరో రానందుకు రాత్రి డ్యూటీకి మళ్లీ పిలిచారు. పొద్దున వచ్చి స్నానం చేసి పడుకున్నాడు. సుసన్నా తువ్వాలను పిండి, అలవాటుగా తలుపు దాకా తెచ్చింది. కొక్కెం వైపు చూసింది. వెనక్కి తిరిగి పెరట్లో తీగ మీద వేసింది.

బయట పిల్లలు ఆడుతున్నారు. బంతి దొర్లి ఆమె గడప దగ్గర ఆగింది. తీసుకోవడానికి వచ్చిన పిల్ల ఆమెను చూసి ఆగిపోయింది. వెనక ఉన్నవాళ్లు కూడా ఒక్కసారిగా గొంతులు మింగేశారు. ఎవరూ కసరలేదు. ఆమె నోరు కూడా తెరవలేదు. అయినా లైనంతా సద్దుమణిగింది.

ఆడుకోండ్రి అందామనుకుంది. ఆ గొంతుతో ఏ మాట అన్నా వాళ్లకు ఒకటే వినిపిస్తుందని తోచింది.

వంగి బంతి తీసుకుంది. పిల్లలు బంతి పోయిందనుకుని చూస్తున్నారు. సుసన్నా రెండడుగులు వెనక్కి వేసి, దాన్ని తన తలుపుకేసి కొట్టింది. రేకు తలుపు లైనంతా మోగింది. పోశవ్వ చాట చేతిలో పట్టుకునే బయటికొచ్చింది. బంతి తిరిగి వచ్చి ఆమె కాళ్ల దగ్గర పడింది. మళ్లీ తీసి మళ్లీ కొట్టింది.

లోపల మంచం కిర్రుమంది. నిద్రలో తడబడుతున్న తీతు గొంతు వచ్చింది.

"ఎవలది?"

"నేనే" అంది సుసన్నా.